నాన్నకి బోర్డర్‌లైన్ షుగర్. నడవమంటే కదలట్లేదు, ఎలా లేపాలి?

పెద్దమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

మా నాన్నకి 61. అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. మామూలుగా చేయించిన చెకప్‌లో పరగడుపు షుగర్ 114, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 6.1 వచ్చాయి. డాక్టరు గారు మందులేం రాయలేదు. "ఇంకా షుగర్ రాలేదు, వచ్చే దారిలో ఉన్నారు. కాస్త బరువు తగ్గండి, రోజూ అరగంట చురుగ్గా నడవండి, మళ్లీ కనబడండి" అన్నారు. నాన్న బయటికొస్తూనే అన్న మాట: "చూశావా, షుగర్ లేదన్నారు." అంతసేపు ఆయన చెప్పినదాంట్లో తనకి పనికొచ్చే ముక్క ఒక్కటే ఏరుకుని వచ్చారు.

ఆ వారమే తమ్ముడు బూట్లు కొన్నాడు, చేతికి కట్టుకునే బ్యాండ్ కూడా కొన్నాడు. కొన్నాళ్లు పొద్దున్నే లేచి వెళ్లారు. తర్వాత ఒకరోజు వాన, ఒకరోజు ఒళ్లు నొప్పులు, ఒకరోజు ఎవరో ఇంటికొస్తారని. ఇప్పుడు బూట్లు తిరిగి పెట్టెలోకి పోయాయి. బ్యాండ్ గంటకోసారి లేవండి లేవండని వణుకుతుంటే, "ఇంట్లో మీ అమ్మ చాలదా, చేతికి ఇంకొకటా" అని సొరుగులో పడేశారు.

అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. సాయంత్రం ఐదయితే మొదలు. ఫలానా వాళ్లకి కాలు తీసేశారట, ఫలానా వాళ్లకి కళ్లు పోయాయట అని రోజుకో కథ. ఆవిడ ఎంత చెప్తే నాన్న అంత గట్టిగా కుర్చీకి అతుక్కుపోతున్నారు.

నాన్న వాదన ఏంటంటే, "మా నాన్నకి సైకిల్ కూడా లేదు, బతికినంత కాలం నడిచాడు. ఆయనకీ వచ్చిందిగా. రాసిపెట్టి ఉంటే నడిస్తే ఆగుతుందా?" ఆ తర్వాత మోకాలు. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు పట్టేస్తుంది, అది మాత్రం నిజమే. ఇక టైము లేదంటారు. రిటైరైన మనిషికి!

విచిత్రం ఏంటంటే ఆయన కదలని మనిషేం కాదు. పాత ఆఫీసు స్నేహితుడి ఫోన్ వచ్చిందంటే హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి, ఫోన్ పెట్టేసేదాకా తిరుగుతూనే ఉంటారు. కూర్చుని మాట్లాడమన్నా కూర్చోరు. అదే నడవమంటే మాత్రం కాళ్లు లేవవు.

నడిస్తే నిజంగా ఆగుతుందా, లేక డాక్టర్లు అందరికీ చెప్పే మాటేనా? పొద్దున్నే నడవాలా, ఎప్పుడైనా పర్లేదా? ముఖ్యంగా, ఇంట్లో గొడవ లేకుండా ఆయన్ని ఎలా లేపాలి? ఇలాంటి నాన్నలున్నవాళ్లు చెప్పండి.

పదివేలు

రోజుకి పదివేల అడుగులు పడాలి. అంతకంటే తక్కువైతే లెక్కలోకి రాదు. బ్యాండ్ సొరుగులోంచి తీసి చేతికి కట్టించండి, రాత్రి పడుకునే ముందు మీరే చూడండి. తక్కువ పడితే అప్పటికప్పుడు లేపండి. పెద్దవాళ్ల దగ్గర మెత్తగా ఉంటే పనులు జరగవమ్మా.

రక్తంచుక్క

పెద్దమ్మాయి గారూ, నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. పొద్దున తలుపు తీసేసరికే పరగడుపు వాళ్లు వరసగా కూర్చుని ఉంటారు. చెయ్యి చాపి, సూది వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ చాలామంది చెప్పే మాట ఒకటుంది: "ఈ వారం బాగా నడిచానండీ, తగ్గే ఉంటుంది." పరీక్ష దగ్గరపడితే బూట్లు బయటికొస్తాయి. పరగడుపు షుగర్ దానికి కాస్త లొంగుతుందేమో గానీ హెచ్‌బీఏ1సీ అంత సులువుగా లొంగదు. ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కి ఎంత చక్కెర అంటుకుందో అది చెప్తుంది. ఆ కణాల ఆయుష్షు సుమారు 120 రోజులు. అంటే దాదాపు మూడు నెలల బాగోతం అందులో ఉంటుంది.

మీ నాన్నగారి 6.1 సంగతి. 5.7 నుంచి 6.4 దాకా ప్రీ డయాబెటిస్ అంటారు, 6.5 నుంచి డయాబెటిస్. పరగడుపున 100 నుంచి 125 కూడా ఆ మధ్య గదే. అక్కడున్న వాళ్లందరూ ముందుకే పోతారని లేదు, వెనక్కి వచ్చిన వాళ్లనీ చూస్తుంటాను.

నడిస్తే ఆగుతుందా అని అడిగారు. అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అని పెద్ద ప్రయోగం జరిగింది, ఫలితాలు 2002లో వచ్చాయి. మీ నాన్నగారిలా అంచున ఉన్న 3,234 మందిని తీసుకున్నారు. ఒక గుంపుకి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర, ఒక గుంపుకి మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర. ఇంకో గుంపుకి మాత్ర లేదు, తిండి సర్దుకుని బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుకైన నడకలాంటి కదలిక. మూడేళ్లు నిండకముందే తేడా తేలిపోయింది. ఉత్తుత్తి మాత్ర వాళ్లతో పోలిస్తే మెట్‌ఫార్మిన్ వాళ్లలో డయాబెటిస్ 31 శాతం తక్కువ, నడిచి బరువు తగ్గినవాళ్లలో 58 శాతం తక్కువ. 60 దాటినవాళ్లలో అయితే 71 శాతం. నాన్నగారికి ఈ చివరి అంకె మాత్రం తప్పకుండా చెప్పండి, "ఈ వయసులో ఏం లాభం" అనే మాట ఆయన నోట్లో తయారుగా ఉండే ఉంటుంది.

తాతగారి వాదనకి నా దగ్గర రుజువుతో కూడిన జవాబు లేదు గానీ ఎదురు ప్రశ్న ఉంది. ఆయన అంత నడవకపోయి ఉంటే ఇంకెన్నేళ్ల ముందు వచ్చేదో? ఇంట్లో ఉన్న జబ్బు మనకీ వచ్చే అవకాశం ఎక్కువే, కాదనను. అందుకే ఆ ఇంట్లోవాళ్లు ఎక్కువ కదలాలి.

ఇక ఎప్పుడు నడవాలి అన్నది. నా మటుకు నేను పొద్దుటి నడక కంటే భోజనమైన తర్వాతి నడకకే ఓటేస్తాను. తిన్న చక్కెరలో ఎక్కువ భాగం దాచుకునేది కండరాలే. కూర్చుని ఉన్నప్పుడు అవి ఇన్సులిన్ వచ్చి చెప్తే గానీ తీసుకోవు. మీ నాన్నగారి లాంటి వాళ్లలో ఇన్సులిన్ మాట సరిగా చెల్లదు, అసలు ఇబ్బందే అది. కానీ కండరం పని చేస్తుంటే ఇన్సులిన్ కోసం ఆగదు, రక్తంలోని చక్కెరని నేరుగా లాక్కుంటుంది. తొడలు, పిక్కలు ఒంట్లో పెద్ద కండరాలు, నడకలో పనిచేసేవి అవే. తిన్న తర్వాత చక్కెర గంటకి అటూఇటుగా శిఖరానికి చేరుతుంది. చెయ్యి కడుక్కున్న అరగంటలోపు బయల్దేరితే అది అంత ఎత్తుకి ఎక్కకుండానే కాళ్లు పట్టుకుంటాయి.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. న్యూజీలాండ్‌లో టైప్ 2 డయాబెటిస్ ఉన్న 41 మంది మీద చూశారు, 2016లో వచ్చింది. రోజులో ఎప్పుడో ఒకప్పుడు 30 నిమిషాలు నడవడం ఒకటి, మూడు పూటలా తిన్న తర్వాత పదేసి నిమిషాలు నడవడం ఒకటి. మొత్తం నడక ఒకటే. తిన్న తర్వాతి చక్కెర రెండో పద్ధతిలో 12 శాతం తక్కువగా ఉంది, రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం తక్కువ. మనం ఎక్కువ తినేదీ, తిని కదలకుండా కూర్చునేదీ రాత్రే కదా.

పదివేలు గారూ, కోపం వద్దు. ఆ పదివేల అంకె వైద్యుల దగ్గర పుట్టింది కాదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మినప్పుడు పుట్టింది. నడిస్తే మంచిదే, కాదన్న వాళ్లెవరు. కానీ రెండువేలు నడిచే మనిషికి పదివేలు చూపిస్తే రెండువేలు కూడా మానేస్తాడు. నిమిషానికి సుమారు 100 అడుగులు పడితే చురుకైన నడక. మాట్లాడగలగాలి, పాట పాడబోతే ఆయాసం రావాలి. ఆ లెక్కన అరగంటకి మూడువేలు.

అసలు ప్రశ్న, ఎలా లేపాలి. జవాబు మీ పోస్టులోనే ఉంది, మీరే రాసి వదిలేశారు. ఆయన ఫోన్లో నడుస్తారు! ఆ స్నేహితుణ్ణి పట్టుకోండి. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేయమని ఆయనతో మాట్లాడుకోండి. వాకింగ్ అన్న మాట ఎత్తకండి. ఫోన్ వస్తుంది, ఆయన లేస్తారు, అంతే.

ఇంకోటి. ఆయన అకౌంట్స్ మనిషి అన్నారు. అకౌంట్స్ మనిషికి భయం కథలు చెప్పి లాభం లేదు, లెక్క చూపించాలి. ఒక గ్లూకోమీటర్ తెచ్చుకోండి. ఒక రాత్రి భోజనం చేసి మామూలుగా కుర్చీలో కూర్చోనివ్వండి, మొదటి ముద్ద పెట్టుకున్న దగ్గర్నుంచి గంటకి వేలు గుచ్చి చూడండి. ఇంకో రాత్రి అదే భోజనం, అంతే భోజనం, తినగానే పావుగంట నడక, మళ్లీ అదే గంటకి చూడండి. చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టాకే గుచ్చాలి, వేలికి అంటిన తిండి కూడా అంకెలో కనబడుతుంది. ఇంటి మీటర్లు 15 శాతం దాకా అటూఇటూ చూపిస్తాయి కాబట్టి ఐదూ పదీ తేడా చూసి సంబరపడకండి. రెండుమూడు సార్లు చేస్తే గానీ నిజం తెలియదు. అంకెలు మాత్రం ఆయన చేతనే రాయించండి.

కుడిమోకాలు

పేరు చూసే అర్థమై ఉంటుంది. మీ నాన్నగారి మోకాలి గురించి అందరూ సాకు అనుకుంటారేమో, అది నొప్పి ఉన్నవాళ్లకే తెలుస్తుంది. నాకూ అరుగుదలే. ఫిజియో దగ్గర నేర్చుకున్నవి చెప్తాను.

మెట్లు, ఏటవాలు దారి వద్దు. దిగేటప్పుడే మోకాలి మీద బరువు ఎక్కువ పడుతుంది. చదునైన చోట, ఇంట్లో హాలయినా సరే. మొదట అరగంట పెట్టుకోకండి, పూటకి ఐదు నిమిషాలు చాలు. నడిచేటప్పుడు కొంచెం నొప్పి ఉండి, తెల్లారేసరికి సర్దుకుంటే భయం లేదు. పొద్దునకి వాచినా, బిగుసుకుపోయినా ముందురోజు ఎక్కువైనట్టు, తగ్గించాలి.

కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవడం, పదిసార్లు. తొడ కండరం గట్టిపడితే మోకాలికి బరువు తగ్గుతుంది. నాకు నడక కంటే ముందు ఇదే కలిసొచ్చింది. కుర్చీ ఎత్తుగా ఉండాలి, సోఫా అయితే లోపలికి దిగబడి ఇంకా నొప్పి.

బూట్లు పెట్టెలో ఉన్నాయన్నారు, ఒకసారి ఆయన్ని వేసుకోమని వేళ్ల దగ్గర నొక్కి చూడండి. నా మొదటి జత నేను చెప్పకుండా మా అబ్బాయి తెచ్చాడు, బొటనవేలి గోరు నల్లబడింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నడక మానేశాను, అందరూ బద్ధకం అనుకున్నారు.

రాత్రిడ్యూటీ

నేను మీ నాన్న పక్షం. నాకు 47, కంట్రోల్ రూంలో రాత్రి పని, స్క్రీన్ల ముందు కూర్చోవడమే ఉద్యోగం. పోయినేడాది హెచ్‌బీఏ1సీ 6.3. ఇంట్లో అందరూ నా మీద పడ్డారు.

ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. బూట్లేసుకుని రోడ్డెక్కితే చాలు, ఎదురొచ్చిన ప్రతివాడూ అడిగే మొదటి ప్రశ్న "ఏంటి, షుగరా?" వాళ్లు మామూలుగానే అడుగుతారు. మనకి మాత్రం మెడలో పలక కట్టుకుని తిరుగుతున్నట్టుంటుంది. మీ నాన్న వాన అంటారు, చుట్టాలంటారు, అసలు సంగతి ఇదేనేమో ఒకసారి చూడండి. రిటైరైన కొత్తలో మనిషికి మొహమాటం ఎక్కువ. నిన్నటిదాకా కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టిన మనిషిని ఇవాళ అందరూ జబ్బుమనిషిలా చూస్తే ఎవరికి నచ్చుతుంది?

నాకు ఇంట్లో వాళ్ల మాటల వల్ల కదలిక రాలేదు. మా ఆవిడ ఒకరోజు నుంచి ఆ సంగతి ఎత్తడం మానేసింది. ఎందుకు మానేసిందో ఇప్పటికీ అడగలేదు. అప్పుడు నాకు నేనే డ్యూటీలో ప్రతి అరగంటకీ లేచి కారిడార్ చివరిదాకా వెళ్లి తలుపు గడియలు చూసి రావడం మొదలుపెట్టాను. కెమెరాలో కనిపించే తలుపే, వెళ్లక్కర్లేదు. కానీ అది పని. వాకింగ్ కాదు. ఎవరూ ఏం అడగరు.

అమ్మగారికి ఒక మాట చెప్పండి, కాలు తీసేసిన కథలు ఆపమని. ఆ కథలు విన్న రాత్రి నేను భయపడి ఇంకాస్త ఎక్కువ తినేవాణ్ణి.

బరువేముఖ్యం

అందరూ నడకని ఆకాశానికెత్తుతున్నారు. రక్తంచుక్క గారు చెప్పిన ఆ 58 శాతంలో నడక వాటా ఎంత? వాళ్లు తిండీ తగ్గించారు, బరువూ తగ్గారు. అరగంట నడిస్తే ఖర్చయ్యేది ఏ 120, 150 కేలరీలో. తిరిగొచ్చి ఆకలేసిందని ఒక గుప్పెడు ఏదైనా నోట్లో వేసుకుంటే చెల్లుకు చెల్లు. ముందు కంచం చూడండి, కాళ్లు తర్వాత.

రక్తంచుక్క

బరువేముఖ్యం గారు పట్టుకున్న పాయింటు సరైనదే. అమెరికా ప్రయోగంలో అన్నీ కలిపి చేశారు, కాబట్టి 58 మొత్తాన్నీ నడక ఖాతాలో వేయకూడదు. తిండి సర్దుకోకుండా నడకతో బరువు తగ్గాలంటే చాలా కష్టం, అదీ ఒప్పుకుంటాను.

కానీ విడదీసి చూసిన ప్రయోగం కూడా ఉంది. చైనాలో డాచింగ్ అనే ఊళ్లో 1986లో మొదలైంది, 577 మంది. ఒక గుంపుకి తిండి మార్పులే, ఒక గుంపుకి వ్యాయామమే, ఒక గుంపుకి రెండూ. ఆరేళ్లకి చూస్తే డయాబెటిస్ ముప్పు తిండి గుంపులో 31 శాతం, వ్యాయామం గుంపులో 46 శాతం, రెండూ కలిపిన గుంపులో 42 శాతం తగ్గింది. కదలిక ఒక్కటే ఉన్నా పనిచేసిందనే కదా. మన దేశంలో చేసిన ప్రయోగం 2006లో వచ్చింది, 531 మంది. వాళ్ల బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గనే లేదు, అయినా తిండి, నడక మార్చుకున్నవాళ్లలో ముప్పు 28.5 శాతం తగ్గింది. తూకంలో ముల్లు కదల్లేదని నడక మానేసేవాళ్లకి నేను ఇదే చెప్తుంటాను. ముల్లు కదలకపోయినా లోపల కండరం మారుతుంది.

ఆ మార్పు నిలవ ఉండదు, అదొక చిక్కు. ఒకసారి బాగా నడిస్తే ఇన్సులిన్ మాట చెల్లడం ఒకటి రెండు రోజులు మెరుగ్గా ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. అందుకే వరసగా రెండు రోజులకి మించి ఖాళీ ఇవ్వొద్దంటారు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నడిచి వారమంతా కూర్చునేవాళ్లకి లాభం తక్కువ.

రాత్రిడ్యూటీ గారూ, మీ తలుపు గడియల పద్ధతి మీకు తెలియకుండానే శాస్త్రానికి దగ్గరగా ఉంది. ఆస్ట్రేలియాలో 2012లో ఇదే చూశారు, గంటల తరబడి కూర్చునేవాళ్లని ప్రతి 20 నిమిషాలకీ లేపి రెండు నిమిషాలు నడిపిస్తే తిన్న తర్వాత చక్కెర, ఇన్సులిన్ రెండూ తగ్గాయి. మెల్లగా నడిచినా తగ్గాయి. మీ మెడలో పలక మాట మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. ల్యాబ్‌కి కూడా కొందరు తెలిసినవాళ్లు రాని వేళ చూసుకుని వస్తారు, ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

పెద్దమ్మాయి

అందరికీ పేరుపేరునా థాంక్స్. వెంటనే రాయలేదు, చేసి చూసి రాద్దామని ఆగాను.

ముందు బూట్లు. కుడిమోకాలు గారూ, మీరు చెప్పినట్టే వేళ్ల దగ్గర నొక్కితే ఖాళీ లేదు. తమ్ముడు పాత చెప్పుల సైజు చూసి తెచ్చాడట. "ఎందుకు చెప్పలేదు నాన్నా" అంటే, "వాడు అంత డబ్బు పెట్టి తెచ్చాడు" అన్నారు. మార్చుకొచ్చాం.

ఫోన్ స్నేహితుడితో మాట్లాడాను. ఆయనకీ షుగరేనట, మాత్రలు వాడుతున్నారు, మాకు తెలియనే తెలియదు. రాత్రి భోజనాలయ్యాక చేస్తున్నారు. ఇద్దరూ పాత మేనేజర్ని తిట్టుకుంటూ పావుగంట, ఒక్కోరోజు ఇంకా ఎక్కువ. నాన్న హాల్లో తిరుగుతున్నారు. నడక అన్న మాట ఇంట్లో ఎవరం ఎత్తట్లేదు, అమ్మ కూడా నోరు కట్టుకుంది. మధ్యమధ్యలో కళ్లతో నాకు సైగ చేస్తోంది, చూశావా అని.

మీటర్ తెచ్చాక పెద్ద నాటకమే జరిగింది. కూర్చున్న రాత్రి 183 వచ్చింది. నడిచిన రాత్రి 146. నాన్న కళ్లజోడు పైకి తోసుకుని మీటర్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మిషన్ తప్పు" అన్నారు. మర్నాడు నేను అడగకుండానే మళ్లీ కూర్చుని చూసుకున్నారు, ఇంకోరోజు నడిచి చూసుకున్నారు. ఇప్పుడొక పాత రిజిస్టర్ తీసి స్కేలుతో గీతలు గీశారు. తేదీ, ఏం తిన్నది, తిన్న టైము, నడిచిన నిమిషాలు, రీడింగ్, ఆఖర్న రిమార్క్స్. రిమార్క్స్ కాలమ్‌లో ఒకచోట "స్నేహితుడు ఫోన్ చేయలేదు" అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ రోజు రీడింగ్ 171.

అన్నీ బాగున్నాయని చెప్పను. పొద్దుటి నడకకి ఇప్పటికీ రారు. బయటికి అస్సలు రారు. రాత్రిడ్యూటీ గారు చెప్పింది నిజమేననిపిస్తోంది, ఒకసారి పక్కింటాయన పేరెత్తి "వాడు అడుగుతాడు" అన్నారు, అంతకంటే ఏం చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు. కంచం సంగతి ఇంకా మొదలుపెట్టలేదు బరువేముఖ్యం గారూ, ఒక్కసారి అన్నీ అంటే మొదటికే మోసం వస్తుందని భయం.

మీటర్‌లో అంకెలు తగ్గుతున్నాయి కదా, వచ్చే నెల హెచ్‌బీఏ1సీ చేయించమంటారా? నాన్నే తొందరపడుతున్నారు.

బరువేముఖ్యం

ఒక్కోటే చేయండి, నేనేం కాదనను. ఆ రిజిస్టర్‌లో "ఏం తిన్నది" కాలమ్ ఉందన్నారుగా. పక్కన "ఎంత" అని ఇంకో కాలమ్ గీసుకోమనండి. మిగతాది ఆయనే చూసుకుంటారు.

పదివేలు

రిజిస్టర్ మాట బాగుంది. నేను మా నాన్నగారితో గట్టిగానే ఉండేవాణ్ణి.

రక్తంచుక్క

వచ్చే నెల వద్దు. పాత ఎర్రకణాలే ఇంకా సగానికి పైగా తిరుగుతుంటాయి, మార్పు కొంచెమే కనబడుతుంది, ఆయనకి నీరసం వస్తుంది. మొదలుపెట్టిన దగ్గర్నుంచి మూడు నెలలకి చేయించండి. అదే ల్యాబ్‌లో చేయిస్తే పోల్చుకోవడం సులువు. హిమోగ్లోబిన్ కూడా చూపించండి. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, చేసిన శ్రమంతా వృథా అయిందనుకుంటారు.

పరగడుపు అంకె మాత్రం రోజూ చూడనివ్వకండి. తెల్లవారుజామున ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరిగి కాలేయం చక్కెర వదులుతుంది, నిద్ర చాలకపోయినా పెరుగుతుంది. రాత్రి బాగా నడిచినా పొద్దున 116 కనబడితే రిజిస్టర్‌లో ఎర్ర సిరా ఎక్కువైపోతుంది.

మీ నాన్నగారికి షుగర్ మందులు లేవు కాబట్టి తిన్న తర్వాత నడిస్తే చక్కెర పడిపోతుందన్న భయం అక్కర్లేదు. ఆ స్నేహితుడి సంగతి వేరు. ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లకి నడకలో చెమటలు, వణుకు రావచ్చు. ఆయన కొత్తగా నడక పెంచుతుంటే డాక్టరుకి ఒక మాట చెప్పుకోమనండి. ఇద్దరిలో ఎవరికైనా నడుస్తుంటే గుండెల్లో బరువుగా, ఎప్పుడూ లేని ఆయాసంగా అనిపిస్తే అక్కడితో ఆపి చూపించుకోవాలి, ఫోన్ కబుర్లు తర్వాత.

పక్కింటాయన సంగతి నాకు వదిలేయండి అనలేను గానీ, చీకటి పడ్డాక హాల్లోంచి మేడ మీదికి మారితే ఎవరూ చూడరు. ఫోన్ సిగ్నల్ అక్కడే బాగుందని చెప్పి చూడండి. మెట్లు ఎక్కాలి కాబట్టి మోకాలిని అడిగి.

రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి. వీలైతే రిమార్క్స్ కాలమ్‌తో సహా.